కనిపించని జంతువు అలవాట్లు: యెతి అన్వేషణ

ఉర్దూ చదువుకున్న మిత్రులకు ‘బన్‌మానుస్’ అనే మాట పరిచితమే. ‘బన్’ అంటే వనం, ‘మానుస్’ అంటే మనిషి. గొరిల్లా, చింపాంజీ వంటి తోకలేని పెద్ద కోతులను ఆ మాటతో పిలుస్తారు. మలయా భాషలోని ‘ఓరాంగ్ ఉటాన్’ అనే పేరుకు కూడా అడవిమనిషి అనే అర్థం. మనిషిని పోలిన జీవి ఒకటి అడవులలో తిరుగుతున్నదనే ఊహ ఆసియాఖండంలో ఎంత విస్తృతంగా వ్యాపించి ఉన్నదో ఈ పేర్లే చెబుతున్నవి. ఆ ఊహలన్నింటిలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది హిమాలయాల యెతి.

యెతి ఉన్నదా, లేదా అనే వాదం పాతది. ఆ వాదాన్ని మరొకసారి నడపడం మా ఉద్దేశం కాదు. చేతికి చిక్కని జంతువు ఏమి తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఎలా నడుస్తుంది అని కొండలెక్కి విచారించినవారు కొందరున్నారు. ఆ విచారణ ఎలా సాగినది, ఏ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మినది, చివరకు ఏ జంతువు ఎదుట వెళ్ళి నిలిచినది అన్నదే ఇక్కడ మేము చెప్పదలచిన విషయం. సాక్ష్యాన్ని తూచే పద్ధతి విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఎంత అవసరమో, చరిత్ర, న్యాయశాస్త్రం చదివే విద్యార్థికి కూడా అంతే అవసరం గనుక ఈ కథ అందరికీ ఉపకరించగలదని మా నమ్మకం.

1832లో నేపాలులోని బ్రిటిష్ రెసిడెన్సీలో ఉద్యోగిగా ఉన్న బ్రయన్ హాడ్జ్‌సన్ కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అక్కడి జంతువులను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. నమూనాల సేకరణకై తాను పంపిన వేటగాండ్రు ఒక ‘అడవిమనిషి’ని చూచి, రాక్షసుడని భ్రమించి, తుపాకి పేల్చకుండానే పారిపోయి వచ్చారని అందులో వ్రాశాడు. అది నిటారుగా నడిచినదనీ, ఒంటినిండా పొడవైన నల్లని వెంట్రుకలున్నవనీ, తోక లేదనీ వారు చెప్పారట. ఓరాంగ్ ఉటాన్ వంటి కోతి కావచ్చునని హాడ్జ్‌సన్ అనుకున్నాడు, కాని వేటగాండ్ర మాటల కచ్చితత్వాన్ని తాను శంకిస్తున్నానని కూడా చేర్చాడు.

ఈ చిన్న ప్రస్తావనలో రెండు వేర్వేరు వస్తువులు కలిసి ఉన్నవి. వేటగాండ్రు కంటితో చూచినవి మూడు: నిటారు నడక, నల్లని వెంట్రుకలు, తోక లేకపోవడం. మనస్సుతో చూచినది ఒకటి: రాక్షసుడు. రాక్షసుడనే మాట నమ్మదగినది కాదు గనుక మిగిలిన మూడింటిని కూడా కొట్టివేయడం ఒక పొరపాటు. ఆ మూడు నిజమే గనుక రాక్షసుడు కూడా ఉండి తీరాలనడం మరొక పొరపాటు. తరువాతి నూట ఎనభై సంవత్సరాల యెతి సాహిత్యమంతా ఈ రెండు పొరపాట్ల మధ్యనే ఊగిసలాడిందని చెప్పవచ్చు. 1889లో సిక్కిం ప్రాంతంలో మంచుపై పెద్ద అడుగుజాడలను చూచిన వాడెల్ అనే సైనిక వైద్యుడు మాత్రం స్థిరంగా నిలబడ్డాడు. అవి హిమాలయపు ఎలుగుబంటి అడుగులని ఆయన తీర్మానించాడు. ఆ అడవిమనిషిని గురించి తాను ఎందరిని అడిగినా, ఎవరో చెప్పగా విన్నామన్నవారే గాని చూచినవారు దొరకలేదని వ్రాశాడు.

1921లో ఎవరెస్టు పరిశీలనకు వెళ్ళిన బ్రిటిష్ బృందం లాక్పా లా కనుమ దగ్గర పెద్ద జాడలను గమనించింది. బృందనాయకుడు హోవర్డ్‌బరీ అవి తోడేలు జాడలై ఉండవచ్చునన్నాడు. కూలీలు తమ భాషలో మరొక పేరు చెప్పారు. ఆ పేరును కలకత్తా పత్రికారచయిత హెన్రీ న్యూమన్ తప్పుగా అర్థం చేసుకొని, ‘అసహ్యమైన మంచుమనిషి’ అనే అర్థం వచ్చేట్లు ఇంగ్లీషులో వ్రాశాడు. లోకం పట్టుకొన్నది ఆ పేరునే. దానివలన జరిగిన నష్టం రెండు విధాలు. మొదటిది, అడవిజంతువు మంచుజంతువైనది. రెండవది, జంతువు మనిషి అయినది. షెర్పాలెవరూ ఆ జీవి మంచులో కాపురముంటుందని చెప్పలేదు. మంచులో తినడానికేమున్నది? అడుగుజాడ మంచులోనే స్పష్టంగా పడుతుంది గనుక, పర్వతారోహకులు తిరిగేది కూడా అక్కడే గనుక, జాడ దొరికిన చోటునే నివాసంగా భావించారు. వీధిలో ఒక మనిషి అడుగు కనబడితే ఆయన కాపురం వీధిలోనే అన్నట్లున్నది ఈ తర్కం!

1951 నవంబరులో ఎరిక్ షిప్టన్, మైకేల్ వార్డ్, షెర్పా సేన్ టెన్సింగ్‌లు మెన్‌లుంగ్ హిమానీనదంపై ఒక జాడను చూచారు. షిప్టన్ ప్రక్కన మంచుగొడ్డలిని ఉంచి ఫోటో తీశాడు. అది దాదాపు 13 అంగుళాల పొడవు ఉన్నది, బొటనవ్రేలు వెడల్పుగా ప్రక్కకు జరిగి ఉన్నది. ఆ ఒక్క ఫోటో అనేక యాత్రలకు కారణమైనది. 1954లో లండన్‌లోని డెయిలీ మెయిల్ పత్రిక ఒక బృందాన్ని పంపింది. అందులో మన జువలాజికల్ సర్వేకు చెందిన శాస్త్రజ్ఞుడు బిశ్వమయ్ బిశ్వాస్ కూడా ఉన్నారు. తరువాత అమెరికన్ ధనికుడు టామ్ స్లిక్ ఖర్చు పెట్టి వరుసగా అన్వేషకులను పంపాడు. జాడలు, వెంట్రుకలు, మఠాలలోని అవశేషాలు దొరికినవి గాని జంతువు దొరకలేదు.

1960-61లో ఎడ్మండ్ హిల్లరీ నడిపిన యాత్ర వీటన్నింటికంటె పద్ధతిగా సాగింది. ఆ బృందం మంచులో నక్కల జాడలను గమనించింది. నీడలో ఉన్నచోట అవి చిన్న నక్క అడుగులే. ఎండ తగిలినచోట మంచు కరిగి, రెండు మూడు అడుగులు ఒకటిగా కలిసి, భారీ పాదముద్రలుగా మారినవి. ఒకే నక్క ఒకే దారిలో నడిచి, నీడలో నక్కగాను, ఎండలో యెతిగాను కనిపించిందన్నమాట. ఖుంజుంగ్ గ్రామంలో యెతి నెత్తిచర్మమని భద్రపరచిన వస్తువును గ్రామస్థుల అనుమతితో ఆరు వారాలకు ఎరువు తెచ్చుకున్నారు. దానివెంట గ్రామపెద్ద ఖుంజో చుంబి స్వయంగా షికాగో, పారిస్, లండన్ నగరాలకు వెళ్ళాడు. అది సెరో అనే కొండమేక జాతి జంతువు చర్మాన్ని మూసలో సాగదీసి చేసినదని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ వ్యవహారంలో నిజంగా మిగిలిన ఫలం మరొకటున్నది. షెర్పాలు తమ పిల్లలకు చదువు కావాలని కోరినందున హిల్లరీ 1961లో ఖుంజుంగ్‌లో ఒక పాఠశాల కట్టించాడు. అది తరువాత ఉన్నతపాఠశాలగా పెరిగింది. యెతిని వెదకబోయి బడిని కట్టిన వారి సంగతి మన కళాశాల పత్రికలో ప్రస్తావించకుండా ఉండలేకపోయాము.

ఇక అలవాట్ల విషయానికి వద్దాము. ఇది జాడలకంటె ఎంతో విలువైన సామగ్రి. ఎందుకంటే జాడ ఒక క్షణం మాత్రమే చెబుతుంది, అలవాటు జీవితాన్ని చెబుతుంది. షెర్పాల వాడుకలో యెతి ఒక్కటి కాదు. జడలబర్రెల వంటి పశువులను చంపే పెద్దదానిని ‘జు-తే’ అంటారు. మనిషిని పోలిన దానిని ‘మి-తే’ అంటారు. ఇంకా చిన్నదానికి మరొక పేరున్నది. హిల్లరీ బృందం జు-తే చర్మాలను కొని తెచ్చి చూపగా అవి తిబ్బతు నీలి ఎలుగుబంటివని తేలింది. అనగా షెర్పాల పేర్లలో కనీసం ఒకటి కచ్చితమైన జంతుశాస్త్ర నామమే. వెలుపలినుంచి వచ్చినవారు మూడు పేర్లను ఒకే ముద్దగా చేసి, ఒకదాని గోళ్ళు, మరొకదాని ముఖం, వేరొకదాని ఎత్తు కలిపి ఒక వింతజీవిని సృష్టించుకున్నారు. తరువాత అటువంటి జంతువు లేదు గనుక కొండవారివి మూఢనమ్మకాలన్నారు. ఈ అన్యాయాన్ని పట్టించుకొన్నవారు తక్కువ.

ఆ జీవి రాళ్ళను తిరగవేసి క్రింద దాగిన చిన్న జంతువులను తింటుందని చెబుతారు. తిబ్బతు పీఠభూమి ఎలుగుబంట్లు పైకా అనే చిన్న జంతువును త్రవ్వి తినడంలో ఆరితేరినవి. అది చెట్లపై కొమ్మలు విరిచి పక్కవంటిది వేసుకుంటుందని చెబుతారు. హిమాలయపు నల్ల ఎలుగుబంటి ఓక్ చెట్టెక్కి, కాయలున్న కొమ్మలను తనవైపు విరుచుకొని తిని, వాటిని క్రిందికి త్రొక్కి ఆ గుబురుపైనే కూర్చుంటుంది. అది నిలబడి చూస్తుందని చెబుతారు. వాసన పట్టదలచిన ఎలుగుబంటి వెనుకకాళ్ళపై లేచి నిలబడడం మన నల్లమల, ఆదిలాబాదు అడవులలో గుడ్డెలుగును చూచినవారికి క్రొత్త విషయం కాదు. కుక్క, పిల్లి వ్రేళ్ళపై నడుస్తాయి. ఎలుగుబంటి మనిషివలె అరికాలంతా నేలకు ఆనించి నడుస్తుంది. అందుచేతనే దాని వెనుకపాదపు గుర్తు మనిషి అడుగును తలపిస్తుంది.

యెతి పాదాలు వెనుకకు తిరిగి ఉంటాయనే మాట కూడా వినిపిస్తుంది. ఇది మనకు బాగా తెలిసిన లక్షణమే. మన పల్లెలలో దయ్యాన్ని గుర్తించేది కాళ్ళు వెనుకకు తిరిగి ఉండడాన్నిబట్టి కదా! ఉర్దూలో అటువంటి ఆడదయ్యాన్ని ‘పిచ్ఛల్ పేరీ’ అంటారు. ఇది వట్టి కథ అని వదలివేయవచ్చు. అయితే ఒక చిన్న విషయం గమనింపదగినది. మనిషికి పాదం లోపలివైపున్న వ్రేలు పెద్దది, ఎలుగుబంటికి వెలుపలివైపున్న వ్రేలు పెద్దది. అందువలన దాని ఎడమపాదపు గుర్తు మనిషి కుడిపాదంవలె కనిపిస్తుంది. కాళ్ళు తారుమారైన జీవి ఒకటి నడిచి వెళ్ళిందని చూచినవారికి తోచడానికి ఈ ఒక్క భేదం చాలునేమో. ఇది మా ఊహ మాత్రమే.

మకాలు పర్వతానికి క్రింద అరుణ్, బరుణ్ నదుల లోయలున్నవి. దట్టమైన, మనుష్యసంచారం లేని అడవులు. 1972 డిసెంబరులో అక్కడ జంతువులను పరిశీలిస్తున్న ఎడ్వర్డ్ క్రోనిన్, జెఫ్రీ మెక్‌నీలీల బృందం కొంగ్మా లా కనుమపై గుడారాలు వేసుకొన్నది. తెల్లవారి లేచేసరికి గుడారాల మధ్యనుండి ఏదో నడిచి వెళ్ళిన గుర్తులు కనిపించినవి. వారు ఆవేశపడక కొలతలు తీసి, ఫోటోలు తీసి, జాడ వచ్చిన దారిని వెనుకకు, వెళ్ళిన దారిని ముందుకు వెంబడించారు. అది అడవిలో నివసించి, రాత్రిపూట తిరుగుతూ, ఒక లోయనుండి మరొక లోయకు పోవడానికే కనుమ దాటుతుందని క్రోనిన్ తర్కించాడు. జంతువు ఏదైనా కావచ్చు, ఈ తర్కం మాత్రం సరియైనదే. మంచునుండి యెతిని తిరిగి అడవికి తెచ్చిన ఘనత ఇటువంటి క్షేత్రపరిశోధకులది.

అదే ప్రాంతంలో 1983లో డేనియల్ టేలర్ బృందం పని చేసింది. మన ముస్సోరీలో పెరిగిన టేలర్ బాల్యంలో షిప్టన్ ఫోటోను చూచినది మొదలు యెతిని వెదకుతూ వచ్చినవాడు. బరుణ్ లోయలో బొటనవ్రేలు ప్రక్కకు విడివడినట్లున్న జాడలు ఆ బృందానికి కూడా దొరికినవి. అయితే వారు జాడతో ఆగలేదు, గ్రామస్థులను అడిగారు. ఇక్కడ రెండు ఎలుగుబంట్లున్నవి, ఒకటి నేల ఎలుగు, రెండవది చెట్టు ఎలుగు అని వారు చెప్పారు. చెట్టు ఎలుగు చిన్నది, ఎక్కువకాలం చెట్లపైనే ఉంటుంది, దాని పంజా చేయివలె పట్టుకొనగలదు అన్నారు. తాము వేటాడి దాచుకొన్న పుర్రెలు చూపించారు. పరిశోధకులు ఆ పుర్రెలను పోల్చి చూడగా రెండూ ఒకే జాతివి. చెట్టు ఎలుగంటే హిమాలయపు నల్ల ఎలుగుబంటి పిల్లవయస్సుది. పెద్ద మగవాటి భయంచేత అది చెట్లపై గడుపుతుంది. మెత్తని మంచులో నడిచేటప్పుడు ముందుపాదం పడిన గుంటపైనే వెనుకపాదం కొంత తప్పి పడుతుంది. రెండు గుర్తులు కలిసి ఒకే పొడవైన పాదమవుతుంది, ప్రక్కకు మిగిలిన వ్రేలు బొటనవ్రేలవుతుంది. షిప్టన్ ఫోటోలోని చిక్కుముడికి టేలర్ చెప్పిన పరిష్కారం ఇదే.

టేలర్ ప్రభృతుల కృషి మరొక రూపంలో కూడా ఫలించింది. 1992లో మకాలు-బరుణ్ జాతీయవనం ఏర్పడింది. యెతి లేకపోయినా యెతి అడవి రక్షింపబడింది.

ఇక్కడ ఎదురయ్యే ఆక్షేపణ ఒకటున్నది, దానిని తేలికగా త్రోసివేయరాదు. కొండవారికి ఎలుగుబంటి తెలియదా? పాకిస్తాను చిత్రాల్ ప్రాంతపు పశువులకాపరులు ‘బర్మాను’ అనే అడవిమనిషిని గురించి చెబుతారు. ఫ్రాన్సులో స్థిరపడిన స్పెయిన్ దేశస్థుడు జోర్డి మాగ్రానెర్ 1987 ప్రాంతంనుండి సంవత్సరాల తరబడి అక్కడ కాలినడకన తిరిగి సాక్షులను విచారించాడు. కేవలం ‘ఏమి చూచావు’ అని వదలక, తల ఆకారం, మెడ, చేతులు, నడక, వాసన అని అంగాంగం ప్రశ్నించి, వేర్వేరు జంతువుల, మనుషుల చిత్రాలు చూపి ఎన్నుకొమ్మన్నాడు. కాపరులు ఎలుగుబంటిని వేరుగా గుర్తించగలరు గనుక బర్మాను ఎలుగుబంటి కాదని, ప్రాచీన మానవజాతి శేషమని ఆయన నమ్మాడు. 2002లో కలాష్ లోయలో ఆయన హత్యకు గురి అయ్యాడు. ఆయన శ్రద్ధను, ఆ జనంతో ఆయన పెంచుకొన్న సాన్నిహిత్యాన్ని మేము గౌరవిస్తున్నాము. అయినా ఆయన నిర్ణయాన్ని అంగీకరించలేము. బరుణ్ గ్రామస్థులకు కూడా ఎలుగుబంటి తెలియకపోలేదు. తెలిసినవారే ఒక జంతువును రెండుగా లెక్కించారు. పగటివేళ ఎదుటివాలులో మేస్తున్న ఎలుగుబంటిని గుర్తించడం వేరు, చీకటిపడే సమయంలో పదిగజాల దూరంలో నిలబడిన దానిని గుర్తించడం వేరు. ప్రశ్నలు ఎంత కచ్చితమైనవైనా, సాక్షి జ్ఞాపకంలో ఉన్నదానిని మించి అవి బయటకు తీయలేవు.

జ్ఞాపకానికి అతీతమైన సాక్ష్యం డీఎన్‌ఏ పరీక్షతో వచ్చింది. 2014లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు బ్రయన్ సైక్స్ బృందం ప్రపంచంలోని వివిధ ‘అడవిమనుషుల’ వెంట్రుకలను పరీక్షించింది. లడఖ్, భూటాన్ నమూనాలు ప్రాచీన ధ్రువపు ఎలుగుబంటిని పోలి ఉన్నవని ప్రకటించగా కొంత సంచలనం కలిగింది. మరుసటి సంవత్సరమే ఇతరులు అదే సమాచారాన్ని పునఃపరిశీలించి, అవి హిమాలయపు గోధుమరంగు ఎలుగుబంటివేనని సరిదిద్దారు. 2017లో షార్లట్ లిండ్‌క్విస్ట్ బృందం యెతివని చెప్పబడిన తొమ్మిది నమూనాలను, ఎముక, పన్ను, చర్మం, వెంట్రుక, మలం ఏదైతేనేమి, పరీక్షించింది. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. ఈ పరిశోధనలోనే హిమాలయపు గోధుమరంగు ఎలుగుబంటి తక్కిన గోధుమరంగు ఎలుగుబంట్లనుండి సుమారు ఆరున్నర లక్షల సంవత్సరాల క్రిందటనే వేరుపడిన అతిప్రాచీన శాఖ అని కూడా తెలిసింది. వింతజీవిని వెదకినవారికి నిజంగా ఒక వింతజీవి దొరికిందన్నమాట, కాని పత్రికల శీర్షికలన్నీ ‘యెతి లేదు’ అనే వ్రాసినవి. 2019 ఏప్రిల్‌లో మన సైన్యం మకాలు శిబిరం దగ్గర 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు గల జాడలు యెతివని ఫోటోలు ప్రకటించినపుడు, టేలర్ ఎలుగుబంటి తిరిగిన లోయ అదేనని జ్ఞాపకం చేసినవారు కొద్దిమందే.

ఆ ఎలుగుబంటి అలవాట్లను గురించి మనకు తెలిసినదెంత? పాకిస్తాను అధీనంలోని బల్తిస్తాన్‌లో దేవసాయి అనే ఎత్తైన మైదానమున్నది. 1993లో దానిని జాతీయవనంగా ప్రకటించేనాటికి అక్కడ లెక్కకు వచ్చిన ఎలుగుబంట్లు ఇరవైకి మించలేదు. తరువాతి పరిశోధకులు ఎలుగుబంట్లను పట్టకుండా, మత్తుమందు ఇవ్వకుండా, మైదానంలో పడిన మలాన్ని సేకరించి, అందులోని డీఎన్‌ఏనుబట్టి వాటిని ఒక్కొక్కటిగా గుర్తించారు. 2007లో వెలువడిన ఆ లెక్క ప్రకారం అక్కడివి 40 నుండి 50 వరకు. అవి ప్రధానంగా గడ్డిని, మొక్కలను తిని బ్రతుకుతున్నవి. ఆడ ఎలుగుబంటి మొదటిసారి ఈనేసరికి దానికి ఎనిమిదేళ్ళు వస్తాయి. ఒక ఈతకు మరొక ఈతకు మధ్య ఐదేళ్ళకు పైబడిన వ్యవధి ఉంటుంది. ఒక తల్లి చనిపోతే ఆ లోటు పూడడానికి ఎంతకాలం పడుతుందో లెక్కవేసుకోవచ్చు. వేసవిలో కాపరులు మందలను తోలుకొని వచ్చేది కూడా ఆ మైదానానికే, ఎలుగుబంట్లు చలినిద్రకు ముందు ఒంటిలో క్రొవ్వు పట్టించుకోవలసినది కూడా అక్కడి గడ్డితోనే.